యాదమ్మ పొట్టేలు మబ్బు

నిన్న రాయదుర్గం మెట్రో దిగి ఆఫీసుకు నడుస్తుంటే తొలి వాన పడింది. కాగిన బండ మీద నీళ్ళు పడ్డప్పుడు లేచే వాసన ముక్కుకు తగిలి, ఎవరో చెంప మీద కొట్టినట్టు ఆగిపోయాను. సెల్లారు కోసం తవ్విన గోతి అంచున నేను చిన్నప్పుడు ఎక్కిన గుట్ట ముక్క ఒకటి ఇంకా మిగిలి ఉంది.

నా చిన్నతనంలో ఇక్కడ అన్నీ గుట్టలే. అమ్మ గుంటూరు నుంచి టీచరుగా వచ్చి గుట్ట కింద కిరాయికి దిగింది. ఎండాకాలం సెలవుల్లో, ముంజల నీళ్ళు మోచేతుల దాకా కారుతుంటే, మేకలు కాసే యాదమ్మ పక్కన కూర్చుని మబ్బులు చూడడమే నా పని. పొద్దున ఆకాశం కడిగిన పళ్ళెంలా ఖాళీగా ఉండేది. మధ్యాహ్నానికి బండలు కాగి, వాటి మీది గాలి వేడెక్కి ఆవిరిని మోసుకుంటూ పైకి పోయి, అక్కడ చల్లబడి తెల్లటి పింజలుగా తేలేది. పొద్దు వాలేసరికి ఆ పింజలు ఒకదాన్నొకటి మింగి, అడుగు నల్లగా, తల తెల్లగా కొండంత పెరిగేవి. ఇదంతా అమ్మ చెప్పిన పాఠం. యాదమ్మకు మాత్రం అవి పొట్టేళ్ళు.

"అగో, కొమ్ములు దించింది సూడు, ఇగ కొట్లాటే," అనేది.

గుట్ట అవతల మందు పెట్టి రాళ్ళు పేల్చేవారు. చప్పుడు వినగానే ఎక్కడివాళ్ళక్కడ పెద్ద బండ కింద దూరాలి. ఎగిరొచ్చిన రాళ్ళకు తలలు పగిలినవాళ్ళున్నారు. ఆ పేలుళ్ళకు యాదమ్మ చెవులు సగం పోయాయి. పేలుడైనా ఉరుమైనా ఆమెకు కాళ్ళ కింద నేల అదరడమే.

"చప్పుడైతే రాయి కిందికే బిడ్డా, గంతే," అని నాకూ నేర్పింది.

ఒక సాయంత్రం పొట్టేలు నిజంగానే కొమ్ములు దించింది. ఈదురుగాలి దుమ్మునంతా మొహాన కొట్టింది, వడగళ్ళు వీపులు వాచేలా పడ్డాయి, గుట్ట అదిరింది. యాదమ్మ మేకల్ని తోలుకుంటూ వేపచెట్టు పక్కనున్న బండ కింద దూరింది. వెనకే నేనూ పరిగెత్తాను. నన్ను వెతుక్కుంటూ వచ్చిన అమ్మ, నా జడ పట్టుకుని వెనక్కి లాగింది.

"యాదమ్మా, అది ఉరుము, రాళ్ళు పేల్చడం కాదు. చెట్టు దగ్గర ఉండకు, బయటికి రా."

"రాళ్ళొస్తయ్ టీచరమ్మా, మీరే జర లోపలికి రాండ్రి," అంటూ ఆమె మాకోసం చెయ్యి చాచింది.

ఆ చెయ్యి ఇంకా చాచి ఉండగానే పిడుగు పడింది. వేపచెట్టు నిలువునా చీలింది. అమ్మా నేనూ బురదలో ఎగిరిపడ్డాం. లేచి చూస్తే మేకలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, కాలిన బొచ్చు కంపు కొడుతోంది, వాటి మధ్య యాదమ్మ. అమ్మ ఆమె గుండె మీద అదుముతూనే ఉంది. యాదమ్మ లేవలేదు.

వాన వెలిశాక ఆ మబ్బు నార్సింగి వైపు తీరిగ్గా జరిగిపోయింది, పడమటి ఎండకు దాని అంచులన్నీ బంగారం. అంత అందమైన మబ్బును మళ్ళీ చూడలేదు. ఆ అందం మీద నాకు ఇప్పటికీ కోపమే.

తర్వాత ఆ బండనూ మందు పెట్టే పేల్చారు. అక్కడ లేచిన మేడల అద్దాల్లో ఇప్పుడు మబ్బులు కనబడతాయి, చూసేవాళ్ళు లేరు. నిన్న వానలో గట్టిగా ఉరిమింది. మెట్రో మెట్ల కింద నిలబడ్డ ఒకమ్మాయి, "తడుస్తున్నారు మేడమ్, లోపలికి రండి," అని చెయ్యి చాచింది.

ఆ చెయ్యి పట్టుకోలేక వానలోనే నిలబడిపోయాను.