ఆ ఇనుము నాది

మా బావ పోయినాడు. పోయిన సోమవారం పొద్దున రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో టమాటాలు ఏరుతా ఉంటే మా అక్క ఫోన్ చేసింది. "ఒరే, మీ బావ ఇంగ లేడురా" అనింది. నా నోట్లోంచి మొదట వచ్చిన మాట, "దీంట్లో కూడా నాకంటే ముందేనా?" అక్క ఏడుస్తానే "నీ నోరు పడిపోనూ" అని తిట్టింది.

ఆయన శిష్యులు ఆయన మీద చిన్న పుస్తకం వేస్తారంట, నన్నూ రాయమన్నారు. నా చదువు నాలుగో క్లాసు. తప్పులుంటే సరిచేసి చదువుకోండప్పా.

ఆయన మీద నాకు కుళ్ళు. నలభై ఏండ్ల కుళ్ళు. మనిషి పోయినాడని ఈ పొద్దు దాచిపెట్టను. ఆయన మా ఇంటికి అల్లుడైనప్పటి నుంచి మా అమ్మ వేడి రాగిముద్ద ముందు ఆయనకే పెట్టేది. "అల్లుడిది తల పనిరా, ఆకలెక్కువ" అనేది. రాయి నూరొచ్చినోడికి ఆకలుండదా?

అవును, గనిలో నా పని అదే. కింద నుంచి వచ్చిన రాయిని ఇనుప కల్వంలో మైదా మాదిరి నూరిస్తే, దాంట్లో బంగారం ఎంతుండాదో పక్క గదిలో తేల్చేవాళ్ళు. నేను నూరింది మళ్ళీ నూరమన్న ఆఫీసరు లేడు. గని మూసినాక ఆ చేతికి పని లేదు. అప్పుడు బావ వచ్చి, "బామ్మర్దీ, నా ల్యాబులో నూరే మనిషి కావల్ల. వస్తావా?" అన్నాడు. ఆయన బెంగళూరులో ఫిజిక్సు ప్రొఫెసరు. ఇద్దరమూ మారికుప్పం రైలుబండిలో పోయేవాళ్ళం.

ఆయన చేసే పని ఏందో బండిలోనే చెప్పినాడు. నేను నూరేది మాంగనీసు కలిసిన నల్లటి ఆక్సైడు పొడి. "దాంట్లో మాంగనీసు పరమాణువులు రెండు రకాలు. ఒకడి దగ్గర ఒక ఎలక్ట్రాను ఎక్కువ ఉంటాది. వెచ్చగా ఉన్నంతసేపూ అది వాడి నుంచి వీడికి తిరగతా ఉంటాది. బాగా చల్లబడితే నిలిచిపోతాది. ఒకడికి ఉండాది, పక్కోడికి లేదు, వాడి పక్కోడికి ఉండాది. అట్లా వరస. ఛార్జ్ ఆర్డరింగ్ అంటాం."

"ఒకడికి ఉండాది, పక్కోడికి లేదు. చాలు బావా, మన ఇంటి కతే కదా" అన్నాను.

పెట్టెలో ఉన్నోళ్ళంతా నవ్వినారు. ఆయన అందరికంటే గట్టిగా నవ్వినాడు. ఆయన్ను పొడిస్తే నెత్తురు రాదు, నవ్వు వస్తాది. దానికీ నాకు కుళ్ళే.

ఆ వరస కుదిరిందీ లేందీ కంటికి కనబడదు. దానికే ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్ మిషను. రెండు పెద్ద అయస్కాంతాల నడుమ సన్న గొట్టంలో చిటికెడు పొడి పెడితే, లోపల ఎలక్ట్రాన్లు ఎట్లుండాయో గీత గీసి చూపిస్తాది. చలి పెంచేకొద్దీ గీత మారతాది. ఆ మార్పు చూసి వరస కుదిరిందో లేదో బావ చెప్పేవాడు. నాకిచ్చిన కల్వం గాజు మాదిరి నున్నటి రాతిది. "ఇనుము తగలకూడదు బామ్మర్దీ. రవ్వంత రజను పడినా మిషను దాన్నీ గీస్తాది" అని దినమూ చెప్పేవాడు.

ఒకరోజు బయటి ఊరి సైంటిస్టులు వచ్చినారు. బావ శిష్యులందరినీ పేరూ పనీ చెప్పి చూపించినాడు. నా దగ్గరికొచ్చి "మా బామ్మర్ది" అన్నాడు. అంతే. నా చేతి పని గురించి ఒక్క మాట లేదు.

మర్నాడు నా ఇనుప కల్వం సంచిలో పెట్టుకొని పోయినాను. ఎవరూ లేనప్పుడు దాంట్లో నూరినాను. పొరపాటు కాదు. తెలిసే చేసినాను.

మిషను కొత్త గీత గీసింది. బావ ఎగిరి గంతేసినాడు. "ఇది ఎవరూ చూడలేదు బామ్మర్దీ!" పెద్ద సైంటిస్టుల ముందర చెప్పేదానికి మీటింగు పెట్టించినాడు. ఆయన ఒక్కసారి బోర్లా పడితే చూడాలని ఉండింది.

పడలేదు. మీటింగుకు ముందురోజు ఆయనే తల అడ్డంగా తిప్పినాడు. "ఎంత చల్లబెట్టినా ఈ గీత మారడం లేదు. మారనిది మన పొడిది కాదు, బయటిది." కాగితం మీద పొడి పోసి అయస్కాంతం దగ్గరికి తెచ్చినాడు. సన్నటి రజను వెంట్రుకల మాదిరి లేచి నిలబడింది. ఆయన నా చేతుల వైపు చూసినాడు.

మిషను చూసుకునే అమ్మాయి "ఎట్లా పడింది సార్?" అనింది.

"నేనేనమ్మా. స్క్రూలు బిగించిన చేతుల్తోనే పొడి ముట్టినాను."

మర్నాడు పెద్దల ముందర కూడా అదే చెప్పి కూర్చున్నాడు. చూసినారా, తప్పు కూడా నాకు మిగల్చలేదు మహానుభావుడు.

ఆ అమ్మాయే ఇప్పుడు ఈ పుస్తకం వేస్తా ఉండాది. అమ్మా, అచ్చులో వెయ్యి. ఆ ఇనుము నాది. మీ సారు చేతులు శుభ్రమైనవి. ఆయన బతికుండగా ఈ మాట చెప్పలేకపోయినాను. ఆయన అడగనూ లేదు.

మీటింగు అయిన మర్నాడు బావ కొత్త పొడి డబ్బా నా ముందర పెట్టి "నూరు బామ్మర్దీ" అన్నాడు. ఇనుప కల్వం ఉన్న నా సంచి బల్ల కిందే ఉండింది. ఆయన దాని వైపు చూడలేదు. నాకు వీపు పెట్టి, మిషను చల్లబెట్టే నైట్రోజన్ ఫ్లాస్కు పట్టుకొని ఊరికే నిలబడినాడు. రాయి మీద రాయి తిరిగే చప్పుడు చెవిన పడినాక అప్పుడు మూత తీసినాడు. తెల్లటి పొగ మెల్లగా ఆయన చెప్పుల మీదికి దిగింది.