మంచు కరగాలని కూర్మమ్మ మొక్కు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళ మాట. రోళ్ళు పగిలే ఎండకు మంచు పగలదా అని అడిగిన మనిషి మాత్రం ఈ భూమ్మీద ఒక్క కూర్మమ్మే అయ్యుంటుంది. అడిగింది కూడా ఎక్కడనుకున్నారు? సముద్రం అవతల మలయా దేశపు పేరాక్‌లో, హుటాన్ మెలింటాంగ్ దగ్గర, మంచు అన్నదాన్ని పుట్టి బుద్ధెరిగి ఎవరూ చూడని ఒక కొబ్బరితోట కూలి లైన్లలో, అంటే కూలీలుండే గదుల వరసల్లో. విన్నవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వక ఏం చేస్తారు, ఆవిడ కడుపులో మంట వాళ్ళకేం తెలుసు?

కూర్మమ్మది కళింగపట్నం వైపు పల్లె. వానలు మొహం చాటేసిన ఏడాది, తోటలకు కూలీల్ని పోగుచేసే కంగాణీ చెప్పిన తీపి మాటలు నమ్మి మొగుడితో కలిసి ఓడెక్కింది. అప్పుడే మాటలు నేర్చిన కూతురు ముత్యాలును తల్లి దగ్గర వదిలింది. ఒప్పందం తీరగానే తిరిగొచ్చేద్దామనుకున్నారు మొగుడూ పెళ్ళామూ. ఒప్పందం తీరకముందే ఆ మొగుడు చలిజ్వరంతో పోయాడు. తోట వెనక బురదనేలలో గొయ్యి తవ్వితే నీళ్ళూరాయి, ఆ నీళ్ళలోనే పెట్టి పూడ్చారు.

ఒప్పందం తీరాక కూర్మమ్మ ఇంటికి పోతానంది. తోట దొర తుండు ఇవ్వలేదు. తుండు అంటే ఈ కూలి తోట వదిలి పోవచ్చునని దొర రాసిచ్చే చీటీ. అది చేతిలో లేకపోతే రేవులో ఓడ ఎక్కనివ్వరు. ఒంటరి ఆడదాన్ని ఎవరి వెంట పంపమంటావని అడిగాడు దొర. ఇంకొకణ్ణి కట్టుకుని వాడి వెంట పొమ్మన్నాడు కంగాణీ, పళ్ళికిలిస్తూ. వాడి నోట్లో మన్నుబడ! పారిపోదామా అంటే ఒకపక్క బెర్నాం నది, ఇంకోపక్క మోకాలిలోతు బురదలో అడవి. ఉన్నది ఒక్క పడవరేవు, ఆ రేవులో దొర మనిషి కాపలా. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అచ్చంగా అదే బతుకు.

అప్పుడు కూర్మమ్మ ఒక ఉపాయం పట్టింది. దొరసానులు సొంత దేశాలకు పోయేటప్పుడు పసిపిల్లల్ని చూసుకోడానికి ఆయాను కూడా ఓడెక్కిస్తారని ఎవరో అనగా విన్నది. బతిమాలి బామాలి దొర బంగళాలో ఆయాగా చేరింది. దొరసాని చెడ్డది కాదు. తనకొచ్చిన నాలుగు అరవ ముక్కలు, నాలుగు మలాయి ముక్కలు కలిపి ఒక మాటిచ్చింది: తను పుట్టింటికి బయలుదేరిన రోజు తన చంటిపాపతోపాటు కూర్మమ్మ కూడా ఓడెక్కుతుంది, మద్రాసులో దిగిపోతుంది, తుండు సంగతి తనే చూసుకుంటుంది. కూర్మమ్మకు లోకంలో ఉన్న తలుపు అదొక్కటే.

ఆ తలుపు వెంటనే తెరుచుకోవాలని తొందర పుట్టించిన కబురు ఒకటి వచ్చింది. కొత్తగా దిగిన కూలీల్లో వాళ్ళ పక్క ఊరివాడు ఒకడున్నాడు. కూర్మమ్మ తల్లి పోయిందన్నాడు. ముత్యాలు ఎవరింట్లోనో మేకలు కాస్తోందని, తిండి వాకిట్లోనే పెడతారని చెప్పాడు. కూర్మమ్మ ఇంకా నిలబడే ఉందని చూసి, చెప్పకూడని మాట కూడా చెప్పేశాడు.

"మా యమ్మేదీ అని మొదట్లో ఊరంతా తిరిగి అడిగీది. ఇప్పుడు అడగడం మానీసింది."

ఇక ఆవిడకు నిద్ర లేదు, తిండి లేదు. పాపను ఎత్తుకున్నప్పుడల్లా చేతుల్లో ఉన్నది ఎవరి పిల్లో మరిచిపోయేది.

దొరసాని పుట్టిల్లు ఇంగ్లండు కూడా కాదు. ఇంగ్లండు దాటి, ఇంకో పెద్ద సముద్రం దాటి, ఉత్తరాన లాబ్రడార్ అనే తీరం ఉందట. అక్కడ ఆవిడ తండ్రికి చేపల వ్యాపారం. తల్లి మంచాన పడింది. తీరా పోదామంటే ఆ ఊరికి ఏడాదిలో సగం రోజులు దారే ఉండదు. సముద్రం గడ్డకట్టి రాయైపోతుంది. మన వైశాఖం పోయి జ్యేష్ఠం వచ్చే వేళకు మంచు విరగడం మొదలెడితే మొదటి ఓడ ఉత్తరానికి పోతుంది. ఏ ఏడు తొందరగా విరుగుతుందో, ఏ ఏడు ఆలస్యమవుతుందో గాలి చూసి, నీటి మీద తేలే గడ్డలు చూసి అక్కడి ముసలి ఓడ సరంగులు అంచనా కడతారు. ఆ అంచనా తేలగానే దొరసాని తమ్ముడు తంతి కొట్టాలి. తొందరగా కరుగుతుందంటే దొరసాని వెంటనే బయలుదేరవచ్చు. ఆలస్యమైతే ఆవిడ అక్కడికి చేరేసరికి మళ్ళీ సముద్రం బిగుసుకుపోతుంది, శీతకాలమంతా చంటిపిల్లతో అక్కడే చిక్కుకుపోతుంది. అలాగైతే పంపేది లేదని దొర ఖండితంగా చెప్పేశాడు. ఆ ఇల్లాలికీ ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇదంతా విన్న కూర్మమ్మ తిన్నగా పైడయ్య తాత దగ్గరికి పోయింది. లైన్లలో కార్తెల లెక్క నోటిమీద చెప్పేది ఆయన ఒక్కడే. ఏడాది పొడుగునా ఒకటే ఉక్క, ఒకటే వాన ఉండే ఈ దేశంలో కార్తెలతో పనేమిటని కుర్రాళ్ళు ఆయన్ని ఆటపట్టిస్తారు. ఆయన మాత్రం చెప్పడం మానడు. రోహిణి దగ్గరికొచ్చేసిందన్నాడు. అప్పుడు అడిగింది కూర్మమ్మ, రోళ్ళు పగిలే ఎండకు మంచు పగలదా అని. పైడయ్య చుట్ట ఆరిపోయేదాకా ఆలోచించాడు. పగలొచ్చు గానీ మన రోహిణి అంత దూరం పోతుందో పోదో తను చెప్పలేనన్నాడు.

పోకపోతే పంపాలి. కూర్మమ్మ మొండితనం అలాంటిది.

లైన్ల చివర నూకాలమ్మ రాయి ఉండేది. దాన్ని నిలబెట్టింది కూర్మమ్మే. మంగళవారం మంగళవారం తలస్నానం చేసి, అమ్మవారి మీద పసుపునీళ్ళు పోసి చల్లదనం చేసేదీ ఆవిడే. అమ్మవారికి వేడి పుడితే ఊరు తట్టుకోలేదని మనకు తెలిసిందే కదా. అందుకే రాతి మీద కొబ్బరాకుల పందిరి కూడా వేశారు. ఒక సాయంత్రం, అందరూ వంటల్లో ఉండగా, కూర్మమ్మ వెళ్ళి ఆ పందిరి ఆకులన్నీ పీకేసింది.

"తల్లీ, నీకు సల్లదనం సేసేదాన్ని నానే. దొరసాని ఊర్లో మంచు ఇరిగీదాకా నీళ్ళు పొయ్యను. నీ ఒంటి యేడంతా తీసికెళ్ళి ఆ దేశం మీద పడెయ్యి" అని చెంపలేసుకుని వచ్చేసింది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మనవాళ్ళలో వాన కోసం మొక్కినవాళ్ళు కోకొల్లలు. కప్పకు పెళ్ళి చేసినవాళ్ళూ ఉన్నారు. ఎండ కోసం మొక్కినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఆ మొక్కుకు ఏ దారిన పోవాలో అమ్మవారికి ముందే అలవాటయ్యేది.

ఆ ఏడు తోటలో వానలు ఆగిపోయాయి. మామూలుగా ఆ రోజుల్లో మధ్యాహ్నమైతే చాలు కుండపోతగా కురవాలి. మబ్బు పట్టేది, ఉరిమేది, సముద్రం మీదికి జారిపోయేది. ఆ తోటలో వాన లేకపోతే మంచినీళ్ళు లేనట్టే. నదికి పోటు వస్తే ఉప్పు, కాలవల్లో కొబ్బరిపీచు కుళ్ళిన కంపు. తాగేది రేకుల మీంచి జారి పీపాల్లో పడిన వాననీరు మాత్రమే. పీపాలు అడుగంటాయి. చెట్ల మీద పిందెలు రాలసాగాయి. పిల్లలు దాహం ఆగక కాలవనీళ్ళు తాగారు, వాంతులు పట్టుకున్నాయి. పక్క గదిలో ఉండే దేవుడమ్మ కూతురు నడుస్తూ నడుస్తూ కూలబడి, ఆపైన పడక దిగలేదు.

కూర్మమ్మకు మొదటి వారంలోనే అర్థమైంది. అర్థమైనా కానట్టే ఉంది. తంతి ఇవాళ రావచ్చు, రేపు రావచ్చు. ఆ ఒక్క మాట వచ్చేస్తే పరుగెత్తుకెళ్ళి అమ్మవారికి బిందెలు బిందెలు పోసెయ్యదూ? బంగళా తొట్టిలోంచి చెంబుడు నీళ్ళు కొంగు చాటున తెచ్చి దేవుడమ్మ పిల్లకు పట్టేది. పిల్ల గుటక వేస్తుంటే మొహం పక్కకు తిప్పుకునేది. నాలుగు రోజులకు దొర తొట్టికి తాళం వేయించాడు.

వాన కోసం దణ్ణం పెట్టుకుందామని వెళ్ళిన పైడయ్య తాత, పందిరి లేని అమ్మవారిని చూశాడు. పసుపు ఎండి పెళ్ళలు రేగి ఉంది. రాయి ముట్టుకుంటే చెయ్యి కాలింది. ఆయన వచ్చి కూర్మమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు. వెనకే లైన్లన్నీ వచ్చాయి. కూర్మమ్మ అబద్ధం ఆడలేదు. ఎండ కావాలని తనే మొక్కానంది, ఇక్కడికి కాదు, దొరసాని ఊరికి అంది.

పైడయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఆ తల్లికి ఆ ఊరు తెల్దే పిల్లా. నువ్వు అడిగిందేటో ఇన్నాది. ఎరిగున్న సోటే ఇచ్చినాది" అన్నాడు.

ఎవరూ ఆవిడ మీద చెయ్యి చేసుకోలేదు. ఒకరి తరవాత ఒకరు వెళ్ళిపోయారు. దేవుడమ్మ ఒక్కతే మిగిలింది, చంకలో పిల్లను వేసుకుని. పిల్ల తల ఒకపక్కకు వాలిపోయి ఉంది.

"నీ గుంట మేకలు కాస్తన్నాది అప్పా. కాయనీ. బతికున్నాది" అంది.

కూర్మమ్మకు ఆ క్షణంలో దేవుడమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ నోరు పడిపోతే బాగుండుననుకుంది. ఈ లైన్లూ, ఈ పిల్లలూ, ఈ పీపాలూ అన్నీ నదిలో కొట్టుకుపోయినా సరే, తను మాత్రం ఓడ ఎక్కాలనుకుంది. ముత్యాలును వాకిట్లో కూర్చోబెట్టి తిండి పెడుతున్న ఆ మనుషుల్నీ, తుండు ఇవ్వని దొరనూ, చచ్చి తప్పించుకున్న మొగుణ్ణీ వరసపెట్టి తిట్టుకుంది. తిట్లు అయిపోయాక పిల్ల మూలుగు వినిపించింది. అంతే, ఆవిడ గదిలోకి పోయింది. మూలన ముంతలో తనకోసం దాచుకున్న మంచినీళ్ళు ఉన్నాయి. సగం పిల్ల నోట్లో పోసింది. మిగతా సగంలో పసుపు కలిపి పట్టుకెళ్ళింది.

అమ్మవారి మీద ఆ నీళ్ళు పోసింది. తన కూతుర్ని తన చేత్తోనే సముద్రంలోకి తోసేస్తున్నట్టు ఏడ్చింది. నీళ్ళు రాతి మీద పడి చుర్రుమన్నాయి. అప్పటికప్పుడు కొబ్బరాకులు అల్లి, పందిరి తిరిగి వేసేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

మర్నాడు మధ్యాహ్నం వాన దిగింది. అబ్బో, ఏం వాన! జనం పీపాలు, కుండలు, చివరికి అన్నం కంచాలు కూడా బయట పెట్టారు. పైడయ్య తాత గోచీతో వాకిట్లో నిలబడి నోరు తెరుచుకుని తాగాడు. ఆ వానలోనే, తడిసి ముద్దైన తంతి మనిషి బంగళా మెట్లెక్కాడు.

దొరసాని తంతి చదివి వరండాలో నేల మీదే కూర్చుండిపోయింది. కూర్మమ్మ పాపను ఎత్తుకుని స్తంభం దగ్గర నిలబడి ఉంది. దొరసాని ఏడుస్తూనే ఒక్కొక్క ముక్కా చెప్పింది. అక్కడ ఉత్తరపు గాలి మళ్ళడం లేదట. మంచుగడ్డలు తీరానికి వచ్చి బిగుసుకున్నాయట. ఇలాంటి వసంతం తామెన్నడూ చూడలేదని ముసలి సరంగులు అంటున్నారట. ఈ వారంలో మళ్ళీ మంచు కురిసిందట. ఓడ పోయేసరికి ఎండాకాలం సగం దాటిపోతుంది. ఈ ఏడాదికి ప్రయాణం లేదు.

మంచు కురిసిందన్న మాట దగ్గరే ఆగిపోయింది కూర్మమ్మ చెవి. ఇక్కడ వానై పడింది, అక్కడ మంచై పడింది. పోసిన చెయ్యి తనదే. ఆ చెయ్యి వంక చూసుకుంది. పసుపు ఇంకా వదల్లేదు.

దేవుడమ్మ పిల్ల బతికింది. వారం తిరిగేసరికి గోడ పట్టుకుని నడిచింది. దేవుడమ్మ వచ్చి కాళ్ళకు మొక్కబోతే కూర్మమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పుకుంటే తీరే బాధైతే కదా.

నూకాలమ్మ సంగతి, ఎండమొక్కు సంగతి వంటవాడి నోటి వెంట దొరసాని చెవిన పడ్డాయి. ఒక సాయంత్రం వాన చూస్తూ ఆవిడ కూర్మమ్మ చెయ్యి పట్టుకుంది. కోప్పడలేదు సరికదా, పిచ్చి ఆశతో అడిగింది: వచ్చే ఏడు ఇంకా ముందుగా, ఇంకా గట్టిగా మొక్కుతావా, మనిద్దరి కోసం? మా ఊరి పేరు రాసిస్తాను, నీ దేవతకు చెప్పు, అంది.

కూర్మమ్మ చెయ్యి విడిపించుకుని పాపను భుజం మార్చుకుంది.

"ఆ తల్లికి మీ ఊరు తెల్దమ్మా" అంది. "మా ఊరూ తెల్దు. ఈ లైన్లే తెలుసు."

దొరసానికి ఆ మాట ఎంతవరకు అర్థమైందో ఏమో. మరుసటి ఏడు వేసవి రాకముందే తల్లి పోయిందని ఆవిడకు కబురు వచ్చింది, ఇక ప్రయాణం ఊసే లేదు. కూర్మమ్మ ఆ తోటలోనే ముసలిదైంది. ముత్యాలుకు పెళ్ళయిందని ఒకరి నోట, పిల్లలు పుట్టారని ఇంకొకరి నోట విన్నది. మంగళవారం మంగళవారం నూకాలమ్మకు చల్లదనం చేసే పని మాత్రం చచ్చేదాకా మరొకరిని ముట్టుకోనివ్వలేదు.