రొయ్యపిల్లలూ, రొప్పిన కారూ

ఒక కారునీ, ఇరవై సంచుల రొయ్యపిల్లలనీ, మా బావనీ ఒకే ఉదయం ముప్పుతిప్పలు పెట్టిన ఘనత నాది. మొహమాటపడకుండా నవ్వండి, అప్పుడు మొదలుపెట్టినవాళ్లు ఇంకా ఆపలేదు.

పోయిన పంట రోగానికి తుడిచిపెట్టుకుపోయింది. ఈసారి పిల్లలు బతక్కపోతే చెరువు మానేస్తానని బావ అక్కతో చెప్పేశాడు. ఎండ ముదరకముందే వాటిని ముత్తుకూరు దగ్గర మా చెరువులో వదలాలి. హేచరీలో పిల్లల్ని నీళ్ల సంచుల్లో పోయించి, ఆక్సిజన్ కొట్టించి, నా టర్బో డీజిల్ కారుంది కదా అని ధీమాగా ఎక్కించాను.

మంచు పొద్దు. మీగడ కప్పుకుని వరిమళ్లు నిద్రపోతున్నాయి. కారు కూడా వాటి కలలోకి జారినట్టు మెత్తగా పోతోంది, లారీని దాటబోయేదాకా. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కానా, పనికి పిలిచిన కొత్తల్లుడిలా నీరసించింది. వెనక నల్లటి పొగ.

“ఏంది బామ్మర్దీ, ట్రాక్టరు గూడా మనల్ని దాటతా ఉండాదే!”

“నిదానమే ప్రధానం బావా.”

“సంచులు వేడెక్కతా ఉంటే నిదానమేందయ్యా!”

డీజిల్లో నీళ్లన్నాను. క్లచ్ అన్నాను. చివరికి టర్బో చచ్చిందని తీర్పిచ్చాను. నేను పట్టిన రొయ్యకు మూడే మీసాలు!

మనుబోలులో మెకానిక్ రమణయ్యన్న షెడ్డు ముందు ఆపి, “టర్బో మార్చాలన్నా” అన్నాను.

“డాక్టరువా, రోగివా? పక్కకి జరుగు.”

ఇంజన్‌ని రేజ్ చేయించి పొగ చూశాడు. “మెల్లగా పోతే బాగుంటాది, తొక్కితే పడిపోతాది. డీజిల్ దండిగా పోతా ఉండాది, గాలే చాల్లేదు.” గాలి పీల్చే గొట్టం విప్పి, మూతికి కట్టి ఉన్న మట్టిముద్ద లాంటిదేదో లాగాడు.

మూడు మడతల సన్నవల! చెరువులోకి నీళ్లు తోడేటప్పుడు చెత్త రాకుండా గొట్టానికి కడతామే, అదే. సముద్రపుగాలిలోని ఇసుక ఇంజన్లోకి పోకూడదని నెల కిందట నేనే కట్టాను. చెరువుకు మంచిదైతే కారుకు చేదా? టర్బో పని గాలి దట్టించడం. తొక్కేకొద్దీ మరింత గాలి కావాలంటుందని నాకేం తెలుసు!

రమణయ్యన్న సంచుల వంక చూశాడు. “రొయ్యపిల్లలకేమో ఆక్సిజన్ కొట్టించినావు, బండికి ముక్కు మూసినావా సామీ!”

వల తీశాక కారు గాలిలో గాలై పోయింది. చెరువులో సంచులు విప్పితే, సన్నటి ప్రాణాలు నీళ్లలోకి పొగమంచులా విచ్చుకున్నాయి. అన్నీ కదులుతున్నాయి. బావ ఒక దోసెడు నీళ్లు తీసి, అందులో ఈదుతున్న పిల్లల్ని చూసుకుని, మళ్లీ చెరువులోకి వదిలాడు. తర్వాత ఆ వలని ఉతికి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

“అదెందుకు బావా?”

“నువ్వు మళ్లీ కారుకు రోగం చెప్పబోతే నీ నోటికి కడతా.”

ఊపిరి పీల్చే యంత్రం దేనికీ ఈ జన్మలో వైద్యం చేయనని ఆ గట్టు మీదే ప్రమాణం చేశాను, నోరు మూసుకునే.