బానెట్టు మీద తడి పంచె

ఆదివారం ఆరాధనలో చివరి కీర్తనకు ముందు పాస్టరుగారు చేతిలోని కాగితం మడిచి, మా ఆసుపత్రి డ్రైవరు ఆ తెల్లవారుజామున నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడని చెప్పారు. పక్కన కూర్చున్న వార్డు ఆయా నా వైపు వంగి, "నిన్న పొద్దుగూకినాక కూడా కారు తుడిచే ఇంటికి పోయాడమ్మా" అంది.

నరసరావుపేటలో మా ఆసుపత్రి నల్ల కారును ఎరగనివారు తక్కువ. ప్రసవం కష్టమైందని వెల్దుర్తి నుంచో బొల్లాపల్లి నుంచో కబురొస్తే మా డాక్టరు దొరసానిగారిని ఎక్కించుకుని వెళ్లేది అదే. దానివల్ల ప్రాణం దక్కినవారు ఇది చదివేవారిలోనూ ఉండవచ్చు. దాన్ని పదిహేనేళ్లు నడిపిన మనిషిని నేను అన్నయ్యా అని పిలిచేదాన్ని. రక్తసంబంధం ఏమీ లేదు. సామాను గది తాళాలు నా దగ్గర ఉండేవి గనుక కుంకుడుకాయల కోసం రోజూ నా గుమ్మంలోకి వచ్చేవాడు. అలా కలిసిన వరస అది.

కారుకు ముందు ఆయన జట్కా తోలాడు. పరుగెత్తి వచ్చిన గుర్రానికి ఒళ్లు తుడవకుండా కట్టేయడం ఆయన ఎరగడు. కారునూ అలాగే చూసుకున్నాడు. తొలకరి పడగానే మా దారుల్లో సాయంత్రం పూట ఉసిళ్లు లేస్తాయి. కారు తిరిగొచ్చేసరికి ముందు అద్దం, దీపాలు, బానెట్టు, రేడియేటరు అన్నీ పురుగులతో అతుక్కుపోయి ఉండేవి. ఎంత అలసినా అవి వదిలేదాకా అన్నం ముందు కూర్చునేవాడు కాదు. ఇంజను చల్లారనిచ్చి, పాత పంచెను కుంకుడు రసం కలిపిన నీళ్లలో ముంచి, పసిబిడ్డకు దుప్పటి కప్పినట్టు బానెట్టు మీద పరిచేవాడు. ఆపైన ఏమీ చేసేవాడు కాదు. వరండా మెట్టు మీద కూర్చుని ఒక కీర్తన ఎత్తుకునేవాడు. గొంతు బాగుండేది కాదు. చరణాలు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి పోయేవి. అయిదు చరణాలు అయ్యాక పంచె లాగితే పురుగులు దానితోపాటే వచ్చేవి. "గోటితో గీకితే పురుగుతో పాటు రంగు కూడా లేస్తది చెల్లెమ్మా. తడిపి ఊరుకుంటే అదే వదులుద్ది" అనేవాడు. రేడియేటరు సందుల్లో ఇరుక్కున్నవాటిని మాత్రం చీపురుపుల్లతో ఒక్కొక్కటే తీసేవాడు. అది బండి ఊపిరి తీసుకునే చోటట.

యుద్ధం రోజుల్లో, మద్రాసు నుంచి పెద్దలు ఆసుపత్రి చూడటానికి వస్తారని తెలిసింది. ముందు రోజు సాయంత్రం అన్నయ్య వెల్దుర్తి నుంచి జ్వరంతో తిరిగొచ్చాడు. పంచె తడపబోతూనే కూలబడితే ఇంటికి మోసుకుపోయారు. తెల్లారి చూస్తే బానెట్టు నిండా ఎండిన ఉసిళ్లు. పెద్దలు ఇంకో రెండు గంటల్లో వస్తారు. ఆయన మాట నాకు గుర్తులేక కాదు, ఆగే ఓపిక లేక, బిందెలు తోమే బూడిదా కొబ్బరిపీచూ తెచ్చి తోమేశాను. పురుగులన్నీ పోయాయి. నీళ్లు పోసి కడిగితే అద్దంలా మెరిసింది. పొంగిపోయాను.

ఎండకు ఆరాక, నా చెయ్యి తిరిగిన చోటల్లా తెల్లని గీతలు గుండ్రంగా తేలాయి.

ఆ రోజుల్లో రంగు డబ్బా మద్రాసులో కూడా దొరికేది కాదు. దొరసానిగారు మంచివారు, కానీ వస్తువు పాడైతే సహించేవారు కాదు. అన్నయ్యను జ్వరంలోనే పిలిపించారు. ఆయన బానెట్టు చూశాడు. నా గోళ్లలోని బూడిద చూశాడు. "నేనే అమ్మగారూ. జ్వరంలో తెలివి లేక తోమాను" అన్నాడు. ఆవిడ తాళంచెవి తీసుకుని కాంపౌండరు చేతిలో పెట్టారు. వేరే మనిషి దొరికేదాకా కారు అతనే నడపాలనీ, అన్నయ్య తోటకు నీళ్లు తోడాలనీ అన్నారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. భర్త పోయినదాన్ని, ఆ గది తాళాలే నా బతుకు.

పన్నెండు రోజులు ఆయన నీళ్లు తోడాడు. కాంపౌండరు ఒకనాడు బావి పక్కగా వెళుతూ, "ఏంది డ్రైవరూ, బండి మాని బొక్కెన తోలుతున్నావా?" అని ఎగతాళి చేశాడు. "దీనికి పురుగులంటవులే అయ్యా, సుఖంగా ఉంది" అన్నాడు అన్నయ్య, నవ్వుతూనే. పదమూడో రోజు మాచవరం దారిలో కారు సలసలా మరిగి ఆగిపోయింది. రేడియేటరు పురుగులతో పూడుకుపోయిందని, తీసేవారు లేక అలా అయిందని తర్వాత తెలిసింది. నొప్పులు పడుతున్న మనిషిని ఎద్దుబండి మీద తెచ్చారు. దేవుని దయవల్ల తల్లీ బిడ్డా దక్కారు.

అప్పుడు బావి దగ్గరికి వెళ్లాను. ఎందుకు నీ మీద వేసుకున్నావని అడిగాను. ఆయన బొక్కెన దించకుండానే, "బండి బాగుండాలనేగా చేశావు. చెప్పేదుంటే నువ్వే చెప్తావు. నేనెందుకు గీకాలి?" అన్నాడు.

అట్నుంచి అటే దొరసానిగారి గదికి వెళ్లి, తోమింది నేనేనని చెప్పాను. ఆవిడ కాంపౌండరు దగ్గర తాళంచెవి తెప్పించి, నన్నే తీసుకెళ్లి ఇమ్మన్నారు. వెనకే తానూ వచ్చి, అబద్ధం ఎందుకు చెప్పావని అన్నయ్యను నిలదీశారు. "ఆ సంగతి నేనూ దేవుడూ చూసుకుంటాం అమ్మగారూ" అని, తడిచేత్తోనే తాళంచెవి మొలతాడుకు ముడేసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "రా చెల్లెమ్మా, బిందెలు తోమే చెయ్యి కదా, దానికి ముందు ఊరుకోవడం నేర్పాలి" అన్నాడు. నాకు చానా కష్టమైన చదువు అదే. ఆనాటి తప్పు మళ్లీ ఒక్కసారి కూడా ఎత్తలేదు ఆయన.

ఆదివారం సాయంత్రం పెట్టెను భుజాల మీద మోశారు. కారు ఖాళీగా వెనక నడిచింది. సమాధి తోట నుంచి తిరిగొచ్చేసరికి చీకటి పడుతోంది, దీపాల వెలుగుకు లేచిన ఉసిళ్లు బానెట్టు నిండా అంటుకున్నాయి. శనివారం ఆయన ఉతికి ఆరేసిన పంచె తీగ మీదే ఉంది. కుంకుడు రసంలో ముంచి పరిచాను. మెట్టు మీద కూర్చుంటే దొరసానిగారు వచ్చి నా పక్కనే కూర్చున్నారు. ఆయన పాడిన కీర్తనే, ఆయన తప్పులతోనే, ఇద్దరం మెల్లగా పాడాము.

అయిదు చరణాలు అయ్యాక పంచె లాగాను. పురుగులు దానితోపాటే వచ్చాయి. వరండా లాంతరు వెలుగులో తడి బానెట్టు కొత్తదానిలా నల్లగా మెరిసింది. చూస్తుండగానే గాలికి ఆరుతూ ఒక మూల మొదట ఒక గీత తేలింది. తర్వాత ఒక్కొక్కటిగా, నా చెయ్యి తిరిగిన గుండ్రాలన్నీ.