పొట్టేలు కొమ్ముతో సుమైస్మా దాకా

తెల్లవారి మొదటి రైలుకే అల్ మన్సూరా మెట్రో స్టేషన్లో ఉన్నాను. ఫుట్‌బాల్ ప్రపంచకప్ దగ్గరపడి లుసైల్‌లో మా కంపెనీ సెలవు మాటెత్తితే మండిపడుతున్న రోజులవి. అయినా మా సేఫ్టీ ఇంజనీరు డానియల్ సారు తనతోపాటు నాకూ ఒకరోజు ఇప్పించాడు. "రేపు మా కొత్త సంవత్సరం. తోడు రా, నర్సింగ్," అన్నాడు. ఎక్కడికో చెప్పలేదు.

టికెట్ రెండు రియాళ్ళు. ముషైరిబ్‌లో దిగి ఎర్ర లైను రైలెక్కాలి, వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి. పక్కన కూర్చున్న ఆర్మూరాయన, "డ్యూటీకి పోతలేవా అన్నా?" అన్నాడు.

"లేదే. మా సారుకు కొత్త సంవత్సరమట."

"సెప్టెంబర్ల కొత్త సంవత్సరమేందే!" అని స్టేషన్ వచ్చేదాకా నవ్వాడు.

లుసైల్‌లో సారు కారుతో సిద్ధంగా ఉన్నాడు. అల్ ఖోర్ రోడ్డు ఎక్కాక, "నేను యూదుణ్ణి. అసలు ఈ రోజు కారెక్కడం కూడా తప్పే," అన్నాడు. మూడేళ్ళుగా క్రిస్మస్‌కి ఆయనకు కేకు మోసుకెళ్తున్నాను!

"చెప్పొచ్చు కదా సార్?"

"కేకు బాగుండేది," అన్నాడు.

సుమైస్మా దాటి, మనుషులు లేని సముద్రపు ఒడ్డున కారు ఆపాడు. తువ్వాలు విప్పి పొట్టేలు కొమ్ము తీశాడు. ఈ రోజు దాని మోత చెవిన పడాలట, లేకపోతే ఆయనకు ఏడాది మొదలైనట్టే కాదట. ఈ అరబ్బు దేశంలో ఏటా ఎవరి కంటా పడకుండా ఇలా వచ్చి తనే ఊదుకునేవాడు. కిందటి నెల పై పళ్ళు పీకించుకున్నాడు, ఈసారి ఒంటరిగా రావడానికి ధైర్యం చాలలేదట. ఊదితే గాలి తప్ప ఏమీ రావడం లేదు. పదిసార్లు ప్రయత్నించి ఇసకలో కూలబడ్డాడు.

మావాళ్ళు జాతరలో కొమ్ము ఊదేవాళ్ళు. చూస్తూ ఊరుకోలేక అందుకుని ఊదాను. మోత నీళ్ళమీదుగా ఎంత దూరం పోయిందో! సారు కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "చాలా బాగా ఊదావు. కానీ లెక్కలోకి రాదు."

మా తాత కొమ్ము మోగనిదే ఊళ్ళో అమ్మవారు కదిలేది కాదు. అదే తాతను గుడి మెట్టు ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. ఒళ్ళు మండి, "కారెక్కొచ్చు గానీ, నేను ఊదింది పనికిరాదా సార్?" అని అరిచాను.

ఆయన బిత్తరపోయాడు. "అయ్యో, నువ్వు తక్కువని కాదు. ఈ పని దేవుడు నా నెత్తిన పెట్టాడు, నీ నెత్తిన పెట్టలేదు. నువ్వు ఎంత మోసినా నా బరువు దిగదు. ఇక్కడ దాన్ని మోసేవాణ్ణి నేనొక్కణ్ణే."

పంతులుకు సంభావన ఇచ్చి మన పేరు చెప్పి పూజ చేయించుకునే దేశం నాది. ఇదెక్కడి పట్టుదల? కోపం పూర్తిగా దిగకుండానే ఆయన ముందు కూర్చున్నాను. "పళ్ళతో పని లేదు సార్. పెదాలు బిగించి, నోటి మూల నుంచి ఊదండి," అని చూపించాను. ఎండ ముదిరింది. ఆయన కింది పెదవి చిట్లి నెత్తురొచ్చింది. వద్దన్నా ఆపలేదు. చివరికి జలుబు చేసిన మేకపిల్ల అరిచినట్టు ఒక్క కూత వచ్చింది. అంతే! అరవై ఏళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తిరుగు దారిలో, కొత్త ఏడాది తియ్యగా ఉండాలని, తేనెలో ముంచిన ఆపిల్ ముక్క పెట్టాడు. మధ్యాహ్నం రైల్లో ఒక్కణ్ణే కూర్చున్నాను. తాతను బయట నిలబెట్టినవాళ్ళ మీద నా కోపం పోలేదు, పోదు కూడా. దారి పొడవునా ఈయన మీద కూడా కోపం పెట్టుకుందామని చూశాను. నా వల్ల కాలేదు.