మాట్లాడటం నేర్చుకోవడానికి షాంటిలీ వెళ్ళాను

యాభై రెండేళ్ళ వయసులో, మాట్లాడటం నేర్చుకోమని నన్ను వర్జీనియాలోని షాంటిలీ పంపారు. మేముండే ఐసెలిన్ దగ్గర ఒక స్కూల్లో తెలుగు తల్లిదండ్రులకూ టీచర్లకూ మధ్య మాటసాయం చేయడం నా ఉద్యోగం. రకరకాల సంస్కృతుల మనుషులతో ఎలా మాట్లాడాలో నేర్పే రెండు రోజుల శిక్షణ ఒకటుందట. అందులో పాసై సర్టిఫికెట్ తెస్తేనే జూన్ తర్వాత ఉద్యోగం ఉంటుందని ప్రిన్సిపాల్ తేల్చేసింది. ఆరేళ్ళుగా చేస్తున్న పనికి ఇప్పుడు పరీక్షేమిటని అడిగాను. జవాబుగా రైలు టికెట్ వచ్చింది.

శనివారం ఉదయం ఆరూ యాభైకి మెట్రోపార్క్‌లో రైలు. ఇరవై నిమిషాలు ఆలస్యం. కాఫీ నాలుగున్నర డాలర్లు, రుచి అడగొద్దు. పక్క సీట్లో కరీంనగర్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఎందుకు వెళ్తున్నానో చెబితే నవ్వాడు.

“ఆంటీ, ఒక్కటి యాది పెట్టుకోండి. వాళ్ళు ‘ఇంట్రెస్టింగ్’ అన్నరంటే మీ ఐడియా చెత్తబుట్టల పడ్డట్టే. నాకు సమజ్ అయ్యేసరికి రెండేండ్లు పట్టింది. అప్పటిదాంక మస్తు ఖుష్ అయ్యేటోణ్ణి.”

పదిన్నరకు వాషింగ్టన్. అక్కడ మెట్రో రెడ్ లైన్ ఎక్కి, మూడో స్టేషన్‌లో సిల్వర్ లైన్‌కి మారాలి. బోర్డులు చూసుకోకపోతే ఊరంతా తిప్పుతుంది. దిగాక టాక్సీలో పదిహేను నిమిషాలు. మోటెల్ గది శుభ్రంగానే ఉంది గానీ కిటికీ తెరుచుకోదు. తెచ్చుకున్న పెరుగన్నం తిని ఒంటిగంటకు క్లాసులో కూర్చున్నాను.

పాఠం చెప్పే లిండా నాకంటే పెద్దది, గొంతు వెన్నపూస. ఆమె ఇచ్చిన పుస్తకం మూడో పేజీలోనే ఉంది: భారతీయులు సూటిగా కాదని చెప్పరు. చెయ్యెత్తాను.

“నేను పుట్టినప్పటి నుంచీ కాదంటూనే ఉన్నాను. కావాలంటే మా అత్తగారిని అడగండి.”

“చాలా ఇంట్రెస్టింగ్! దాని గురించి తర్వాత మాట్లాడుకుందాం” అంది లిండా. ఆ ‘తర్వాత’ రానే లేదు. సాయంత్రం ఐదింటి దాకా లెక్కపెట్టాను. పదకొండు సార్లు నా మాట పక్కన పెట్టింది, ఒక్కసారి కూడా నోరు తెరిచి ‘కాదు’ అనలేదు. మరి సూటిగా కాదనలేనివాళ్ళు ఎవరు తల్లీ?

ఆదివారం తొమ్మిదింటికి పరీక్ష. నాకు జతగా సహజ అనే అమ్మాయిని ఇచ్చారు. ఇక్కడే పుట్టిన పిల్ల, పక్క ఊళ్ళో టీచరు. తన చేతిలోని కార్డు ప్రకారం ఆమె తల్లిగా నటించాలి, నేను నా ఉద్యోగమే చేయాలి. “మా బాబు క్లాస్ మార్చండి” అంది. ఏడాది మధ్యలో ఎందుకు మార్చరో, ఏ ఫారం నింపాలో విడమరిచి చెప్పాను. “అయినా మార్చండి, ప్లీజ్” అంది. ఈసారి ఉదాహరణలతో చెప్పాను. పది నిమిషాలకు “ఓకే” అంది. అందరికంటే నేనే బాగా చేశానని కుర్చీలో వెనక్కి వాలాను.

పన్నెండింటికి లిండా పక్కకు పిలిచింది.

“మిమ్మల్ని పాస్ చేయను.”

రెండు రోజుల్లో ఆమె నోట సూటి మాట వినడం అదే మొదలు.

“పుస్తకం తప్పన్నందుకా?”

“పుస్తకం విషయంలో మీరన్నదే నిజం, ఆ పేజీ మారుస్తాను. కానీ ఆ తల్లిని మీరు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.”

సహజ తన కారులో నన్ను మెట్రో దగ్గర దింపుతానంది. ఎక్కగానే అడిగాను, “ఏముందమ్మాయ్ నీ కార్డులో?”

“ఆంటీ, ప్లీజ్, కోపం వద్దు. మామ్‌కి క్లాస్ ప్రాబ్లెం కాదు. బాబు లంచ్ ఒక్కడే తింటాడు. ఆమెకి సిగ్గు, ఎవరైనా అడిగితేనే చెప్పాలి.”

“కాస్త సూచన ఇవ్వొచ్చుగా!”

“ఐ ట్రైడ్, ఆంటీ! రెండుసార్లు ఆగాను. మీరు ఫారం నంబర్ చెప్పారు.”

మూడూ పదికి తిరుగు రైలు. అటు వెళ్ళేవాళ్ళకు చెప్పేదేమంటే: అన్నం కట్టుకుపోండి, తిరుగుదారిలో కుడివైపు సీటు పట్టండి, మేరీలాండ్‌లో నీళ్ళు బాగా కనిపిస్తాయి. శిక్షణ మంచిదే. పుస్తకం దండగ. నాకు మాత్రం జూన్‌తో ఉద్యోగం పోతుంది, ఆ మాట ఇంట్లో ఇంకా చెప్పలేదు.

మార్చిలో ఒకావిడ కొడుకు సెక్షన్ మార్చమని మూడుసార్లు మా ఆఫీసుకు వచ్చింది. మూడుసార్లూ అదే ఫారం చేతిలో పెట్టాను. మూడోసారి విసుక్కున్నాను కూడా. ఆమె నంబర్ ఫోన్‌లో ఉంది. రైల్లోంచే చేశాను.

“స్కూల్ నుంచి మాట్లాడుతున్నానమ్మా. ఫారం సంగతి కాదు. బాబు మధ్యాహ్నం ఎవరితో కూర్చుని తింటున్నాడు?”

ఈసారి ఆగాను. ఏదో ఒకటి అనాలని నోటిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. విల్మింగ్టన్ స్టేషన్ దాటాక ఆమె గొంతు సవరించుకుంది. ఫిలడెల్ఫియా వచ్చేదాకా ఆమే మాట్లాడింది.