కుడి బొటనవేలు అక్కది

"మొదటి ఆట ఎంత మంచిగుండె నానమ్మా! ఈ రెండో భాగం ఉత్త బేకార్, తీసేస్త."

"రెండేండ్లు ఎదురుచూసి ఒక్కరోజుకే తీసేస్తవా? ఊకుండి ఆడు!"

చిక్కడపల్లి బస్సుల నేను, నా మనుమరాలు ఫోన్ల ఆట మీద ఇట్ల కొట్లాడుతుంటే, పక్కసీటుల అశోక్‌నగర్ కోచింగ్‌కు పోతున్న ఒకామె వంగి అడిగింది.

"మొదటిది ఎవరితోని ఆడినవ్ చెల్లె?"

"అక్కతోని. ఇంట్ల ఒక్కటే ఫోన్ ఉండె. కుడి బొటనవేలు అక్కది, ఎడమది నాది. అక్క పెండ్లయి పోయింది."

"మరి ఇది?"

"ఒక్కదాన్నే."

ఇంటికి ఒక్క ఫోన్ చాలని పట్టుబట్టింది నేనే. ఆ కోచింగ్ ఆమె నా కుడి చెయ్యి మెల్లగ తట్టి దిగిపోయింది.

తెల్లారి పిల్లకు కుడిదిక్కు కూసుని, ఫోన్ మీద అక్క వేలు జాగల నా బొటనవేలు పెట్టిన. చాయ్ తాగేలోపే ఇద్దరిని మూడుసార్లు ఓడగొట్టిన. "నానమ్మా, జర జల్ది నొక్కు!" అని ఒర్లింది.